పెరిగిన నూనె

రోజూ పోయించుకునే పాలు ఒకనాడు ఉన్నట్టుండి కొలత పెరిగితే మన ఇళ్లలో ఆడవాళ్లు పాడి బాగుందని మురిసిపోరు. గిన్నె వంచి చిక్కదనం చూస్తారు. నీళ్లు ఎక్కడ కలిశాయని ఆరా తీస్తారు. ఒమాన్‌లోని బాతినా తీరంలో, సువైక్ దగ్గరి ఒక ఖర్జూర తోటలో, ఒక తెలుగు మేస్త్రీ పాత ట్రాక్టరు పక్కన నిలబడి సరిగ్గా అదే అనుమానంతో పని మొదలుపెట్టడం చూశాను. ఆ తర్వాత రెండు వారాల పాటు, సెలవు దొరికిన ప్రతిసారీ మస్కట్ నుంచి వెళ్లి ఆ పని చూస్తూ కూర్చున్నాను. చూసినదాన్ని చూసినట్టు రాసి పెట్టుకోవాలనిపించింది. ఇంత శుభ్రమైన ఆలోచన నేను పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా ఎక్కువసార్లు చూడలేదు.

ట్రాక్టరు మాసీ ఫెర్గూసన్ 135. ఇంగ్లండులోని కోవెంట్రీ కార్ఖానాలో 1964 చివర్లో మొదలై 1975 దాకా తయారైన మోడల్. చిన్న బండి, ఖర్జూర వరసల మధ్య సులువుగా తిరుగుతుంది. తోట యజమాని డెబ్బై దాటిన ఒమానీ పెద్దాయన. ఇంజన్ ఆయిల్ తగ్గడం లేదని, పైగా ఆయిల్ గేజి మీద గీత దాటి పైకి వస్తోందని ఆయన చెప్పారు. ఇంత వయసు వచ్చినా బండి ఇంకా గట్టిగానే ఉందన్న సంబరం ఆయన గొంతులో వినిపించింది. మేస్త్రీ మర్యాదగా తలూపి, నావైపు తిరిగి మెల్లగా అన్నాడు: "ముసలి బండి నూనె తాగాలె సార్. ఇది తాగుతలేదు, పెంచుతాంది. ఏడికెళ్లో వస్తాంది."

యాభై ఏళ్ల ఇంజన్‌లో నూనె తగ్గడం సహజం. పిస్టన్ రింగులు అరిగి కొంత కాలిపోతుంది, సీళ్ల దగ్గర కొంత చెమరుస్తుంది. అది పెరగాలంటే బయటి నుంచి ఏదో ఒకటి, ఇంజన్ అడుగున నూనె నిలిచే ఛాంబర్‌లోకి దిగాలి. ఇంజన్ చుట్టూ ఉండే ద్రవాలు రెండే: రేడియేటర్ నీళ్లు, ట్యాంకులో డీజిల్. నీళ్లు కలిస్తే నూనె పాలు పోసిన కాఫీ రంగుకు మారుతుంది, వేడి పెనం మీద చుక్క వేస్తే చిటపటలాడుతుంది. డీజిల్ కలిస్తే అలాంటి గుర్తు ఏదీ కనిపించదు. నలుపు నలుపుగానే ఉంటుంది. లోపల మాత్రం పలచబడుతూ పోతుంది. అందుకే ఈ జబ్బును చాలామంది ఆలస్యంగా కనుక్కుంటారు.

మేస్త్రీది జగిత్యాల ప్రాంతం. పేరు రాయొద్దన్నాడు. పదిహేనేళ్ల వయసులో ఊళ్లో ట్రాక్టర్ల షెడ్డులో పానాలు అందించే పిల్లవాడిగా చేరి, ఇరవై దాటాక గల్ఫ్ విమానం ఎక్కాడు. ఊళ్లో అతని చేతికి మొదట అలవాటైంది మన మాసీ. మద్రాసులో 1960లో మొదలైన టాఫే కంపెనీ ట్రాక్టరుకు, అదే ఊరి సింప్సన్ కంపెనీ ఇంజన్. ఆ సింప్సన్ ఇంజన్ల వంశం ఇంగ్లండులోని పెర్కిన్స్ నుంచి లైసెన్సు మీద వచ్చింది. పెర్కిన్స్ కంపెనీని 1959లో మాసీ ఫెర్గూసన్ కొనేసింది. అందుకని సువైక్‌లో ఈ 135 బానెట్ ఎత్తినప్పుడు అతనికి కొత్త ముఖం కనిపించలేదు. జగిత్యాలలో చెల్లెలితో పెరిగినవాడు ఇక్కడికొచ్చి అక్కను చూసినట్టుంది. మూడు సిలిండర్లు, రెండున్నర లీటర్ల ఇంజన్, పెర్కిన్స్ వాళ్లు ఏడీ3.152 అని పిలుచుకున్నది. ఛాంబర్‌లో సుమారు ఏడు లీటర్ల నూనె పడుతుంది.

మొదటి రోజు సాయంత్రం దాకా అతను ఒక్క నట్టు కూడా విప్పలేదు. గేజి పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. చివర వేలాడే చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీసుకుని రుద్ది, వేళ్లు మెల్లగా విడదీశాడు. మా అమ్మమ్మ బెల్లం పాకాన్ని అలాగే చూసేది. తీగ ఎంత దూరం సాగి తెగిందన్నదే ఆమె కొలత. ఇక్కడ తీగ రాలేదు, చుక్క నీళ్లలా విడిపోయింది. తర్వాత వాసన చూశాడు. "కమ్మగ ఉండాలె, కారంగ ఉంది" అన్నాడు. డీజిల్ వాసన ముక్కుకు పట్టీపట్టనట్టు తగిలింది.

వేళ్లనూ ముక్కునూ నమ్ముతూనే వాటికి సాక్ష్యం వెతికాడు. వడపోత కాగితం మీద గేజి చుక్క ఒకటి, పక్కనే కొత్త నూనె చుక్క ఒకటి వేసి నీడలో పెట్టాడు. గంట తర్వాత కొత్త చుక్క ఒద్దికగా అక్కడే ఉంది. పాత చుక్క మధ్యలో నల్లటి బొట్టు మిగిల్చి, చుట్టూ లేత రంగు వలయంగా దూరం పాకింది. తర్వాత ఒక గాజు పలకను ఏటవాలుగా ఆనించి, పైన రెండు నూనెలూ ఒకే సమయంలో వదిలాడు. డబ్బాలోని కొత్త నూనె సగం దారిలో ఉండగానే ఇంజన్‌లోది కిందికి చేరింది. ఇది ప్రయోగశాల పరీక్ష కాదని అతనికి తెలుసు. వేళ్లు, ముక్కు, కాగితం, గాజు నాలుగూ ఒకే మాట చెప్పేదాకా ఆగి, ఆ తర్వాతే "డీజిలే" అన్నాడు.

ఆ పలచదనం వెనక లెక్క తెలిస్తే భయం అర్థమవుతుంది. మామూలుగా వాడే 15డబ్ల్యూ-40 నూనెకు వంద డిగ్రీల వేడిలో కూడా కనీసం 12.5 సెంటీస్టోక్స్ చిక్కదనం ఉండాలి. డీజిల్‌కు నలభై డిగ్రీల దగ్గరే రెండు నుంచి నాలుగున్నర వరకే ఉంటుంది. అందుకే కొంచెం కలిసినా నూనె గుణం జారిపోతుంది. నూరు పాళ్లలో ఐదు పాళ్లు డీజిల్ చేరిందంటే ఆ నూనె పనికిరాదనే లెక్క. ఏడు లీటర్లలో ఐదు శాతం అంటే 350 మిల్లీలీటర్లు, మూడు నాలుగు టీ గ్లాసులు. క్రాంక్ షాఫ్టు గంటల తరబడి తిరిగేది బేరింగ్ షెల్లుకు తగలకుండా మధ్యనున్న నూనె పొర మీద. పొర పలచబడితే ఇనుము ఇనుమును ముట్టుకుంటుంది. వేసవిలో నలభై ఐదు డిగ్రీలు దాటే ఈ తీరంలో ఆ పొరకు ముందే కష్టకాలం. పైగా పెట్రోలైతే ఇంజన్ వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. డీజిల్ మరగడానికి నూట ఎనభై డిగ్రీలు దాటాలి. అది నూనెలో దిగిందంటే అక్కడే కాపురం పెడుతుంది.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఛాంబర్ మరీ నిండితే పలచని నూనె తుంపరలుగా, ఇంజన్ ఊపిరి వదిలే బ్రీదర్ గొట్టం గుండా, రింగుల పక్కగా సిలిండర్లలోకి చేరి ఇంధనంలా కాలడం మొదలుపెడుతుంది. అప్పుడు డీజిల్ ఆపినా ఇంజన్ ఆగదు, తన నూనె తానే తాగుతూ వేగం పెంచుకుంటూ పోతుంది. గాలి దారి మూసేయడమే దాన్ని ఆపే ముఖ్యమైన మార్గం. అందుకే మేస్త్రీ ఆ సాయంత్రమే నూనె మొత్తం దింపేశాడు. కొత్త నూనెను పై గీత దాకా పోయకుండా కింది గీతకు కాస్త పైన ఆపాడు. మళ్లీ పెరిగితే పెరగడానికి చోటుండాలి, పెరిగింది కంటికి కనబడాలి. ఒక్క కొలతలో జాగ్రత్తా, కొలబద్దా రెండూ ఇమిడాయి.

ఇక అసలు ప్రశ్న: డీజిల్ ఏ దారిన దిగుతోంది? ఈ ఇంజన్‌లో దానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది ఫీడ్ పంపు. ఇంజన్ పక్కన బిగించి ఉండే చిన్న పంపు ఇది. లోపలి కామ్‌షాఫ్టు దీని లివర్‌ను తోస్తుంటే రబ్బరు పొర పైకీ కిందికీ ఆడి ట్యాంకు నుంచి డీజిల్ లాగుతుంది. పొరకు ఒకవైపు డీజిల్, మరోవైపు ఇంజన్ లోపలి భాగం. పొర చిరిగితే డీజిల్ సరాసరి ఛాంబర్‌లోకి జారుతుంది. రెండో దారి సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు. నాజిల్ మంచులా చిమ్మాల్సింది పోయి చుక్కలుగా కారిస్తే, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీది నూనెను కడుగుతూ రింగులు దాటి కిందికి దిగుతుంది. మూడోది అన్నిటికన్నా మరుగున ఉండేది: డీజిల్ పంపు షాఫ్టు మీది సీలు.

ఆ మూడో దారి గురించి కాస్త చెప్పాలి. ఈ ఇంజన్‌కు ఉండేది సీఏవీ కంపెనీ డీపీఏ రకం పంపు. అమెరికా ఇంజనీరు వెర్నన్ రూసా ఊహించిన పద్ధతి మీద తయారైనది. అంతకు ముందు పంపుల్లో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ప్లంజర్ ఉండేది. దీనిలో ఒకే జత ప్లంజర్లు ఉంటాయి, తిరిగే రోటరు డీజిల్‌ను వంతులవారీగా సిలిండర్లన్నిటికీ పంచుతుంది. వడ్డన మనిషి ఒక్కడే, విస్తళ్లు మూడు. రోటరుకూ దాని గూటికీ మధ్య ఖాళీ మైక్రాన్ల లెక్కలో ఉంటుంది. ఆ పంపుకు వేరే నూనె ఉండదు. లోపలంతా డీజిలే నిండి, డీజిలే దాన్ని తడుపుతుంది. షాఫ్టు మాత్రం బయటికొచ్చి, నూనె చిమ్ముతూ తిరిగే టైమింగ్ గేర్ల గదిలో గేరుకు తగులుకుంటుంది. ఒక గదిలో డీజిల్, పక్క గదిలో నూనె, మధ్య గోడగా ఉంగరమంత రబ్బరు సీలు. ఆ సీలు గట్టిపడి అంచు అరిగితే డీజిల్ గేర్ల గదిలోకి ఊరి, అక్కడి నుంచి ఛాంబర్‌లో చేరుతుంది. బయట ఒక్క చుక్క కూడా కనిపించదు.

ఇక్కడికి ముందే వచ్చి వెళ్లిన ఒక మెకానిక్ ఫీడ్ పంపు మార్చాడు. ఈ జబ్బుకు ఎక్కువసార్లు కారణం అదే కాబట్టి ఆ పని తప్పు అనలేం. మార్చాక నూనె పెరగడం మాత్రం ఆగలేదు. వేరే ఎవరైనా అయితే "ఫీడ్ పంపు కొత్తదే, కనుక అది కాదు" అని ముందుకు పోయేవారు. మా మేస్త్రీ ఆ మాట ఒప్పుకోలేదు. కొత్త వస్తువు మంచి వస్తువనే హామీ ఏదీ లేదన్నాడు. అనుమానితుల జాబితాలో ఫీడ్ పంపును మళ్లీ మొదట రాసుకున్నాడు.

తర్వాత చేసిందే నాకు ఈ మొత్తం పనిలో అత్యంత అందంగా తోచిన భాగం. 135 డీజిల్ ట్యాంకు ఇంజన్‌కు పైన, బానెట్ కింద ఉంటుంది. ఇంజన్ ఆగి ఉన్నా డీజిల్ బరువు కిందికి నొక్కుతూనే ఉంటుంది. ఫీడ్ పంపు పొర చిరిగి ఉంటే బండి నిద్రపోతున్నప్పుడు కూడా నూనె పెరగాలి. నాజిళ్ల లోపమైతే ఇంజన్ తిరిగినప్పుడే పెరగాలి. "బందుగ ఉన్నప్పుడు పెరుగుతాందా, నడిచినప్పుడు పెరుగుతాందా, ముందు గది తేలాలె" అన్నాడు. ట్రాక్టరును పంపుసెట్టు గది ముందున్న సిమెంటు గచ్చు మీద నిలిపి, చక్రాల కింద సున్నంతో గుర్తులు పెట్టాడు. కొలత ఎప్పుడు తీసినా బండి అక్కడే, అలాగే నిలబడాలి. తెల్లవారుజామున, నూనె మొత్తం కిందికి దిగి చల్లబడ్డాకే కొలవాలి. గేజి పుల్ల మీద తడి ఆగినచోట ఆకురాయితో సన్నని గాటు పెట్టాడు.

ఒక పగలూ రాత్రీ ట్యాంకు కుళాయి తెరిచి ఉంచి బండిని కదపలేదు. మర్నాడు తడి గాటు దగ్గరే ఆగింది. ఆ రోజు ఆరు గంటలు దుక్కి చేయించి, సాయంత్రం ఇంజన్ ఆపగానే కుళాయి కట్టేశాడు. అలా కడితే రాత్రి ఊరేది ఏమీ ఉండదు, పొద్దున్న కనిపించే తేడా అంతా పగటి పనిదే అవుతుంది. మర్నాడు తడి గాటుకు గోరు మందాన పైకి వచ్చింది. పంపుసెట్టు గది తలుపు మీద, అనుమానితుల పేర్ల పక్కన, సుద్దముక్కతో తేదీ, పని గంటలు, కుళాయి స్థితి, కొలత రాశాడు. సహాయకుడు రాయచోటి కుర్రాడు. మూడోసారి గేజి తుడుస్తూ విసుగ్గా అడిగాడు, "ఎన్నిసార్లు కొలిచేదన్నా?" మేస్త్రీ కోప్పడలేదు. "ఒక్కసారి కొలిస్తే అది మన అనుమానం తమ్మీ. రెండోసారి గూడ గంతే వస్తే అది బండి చెప్పిన మాట" అన్నాడు.

నడిచినప్పుడే పెరుగుతోందని తేలింది. అయినా ఫీడ్ పంపును ఇంకా వదల్లేదు. పొర మీద చిన్న పగులుంటే ఆడినప్పుడు మాత్రమే తెరుచుకోవచ్చు. అందుకని దానికి వచ్చే గొట్టాన్ని విడదీసి, ట్యాంకు నుంచి ఫిల్టరుకు నేరుగా వేరే గొట్టం వేశాడు. ట్యాంకు ఎత్తు చాలు, డీజిల్ తనంతట తాను దిగుతుంది. ఫీడ్ పంపు ఎండిపోయి ఊరికే ఆడుతోంది. మళ్లీ ఆరు గంటల దుక్కి. మళ్లీ గోరు మందం. తలుపు మీద ఫీడ్ పంపు పేరును అడ్డగీతతో కొట్టేశాడు. ఆ గీత గీసినప్పుడు అతని ముఖంలో తృప్తి చూశాను. ఒక దారి పూర్తిగా మూసుకుపోయింది, ఇక ఎవరూ దాని గురించి వాదించక్కర్లేదు.

నాజిళ్ల వంతు వచ్చినప్పుడు చెవితో మొదలుపెట్టాడు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కో నాజిల్ దగ్గరి పైపు నట్టును పానాతో కాస్త వదులు చేసి, ఆ సిలిండర్‌కు డీజిల్ అందకుండా చేశాడు. చుట్టూ గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకున్నాడు. ఆ ఒత్తిడిలో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. మంచి సిలిండర్‌ను ఆపితే ఇంజన్ కుంటుతుంది. జబ్బు సిలిండర్‌ను ఆపితే పెద్ద తేడా రాదు. మూడింటికీ ఇంజన్ ఒకేలా కుంటింది. స్టార్టింగులో తెల్ల పొగ లేదు, బ్రీదర్ దగ్గర పొగ ఎగజిమ్మడం లేదు. అయినా మూడు నాజిళ్లనూ విప్పి చేతి టెస్టరు మీద పెట్టాడు. అవి తెరుచుకునే ఒత్తిడికి కాస్త తక్కువ దగ్గర పట్టి పది లెక్కపెట్టినా మూడింటి కొనలూ పొడిగానే ఉన్నాయి. రెండో పేరు మీద కూడా అడ్డగీత పడింది.

మిగిలింది పంపు సీలు. మిగిలింది కాబట్టి అదే దొంగ అని తేల్చేయడం అతనికి ఇష్టం లేదు. "వేరే ఎవలూ లేరని ఒకన్ని పట్టుకోవద్దు. వాని చేతిల సొమ్ము దొరకాలె" అన్నాడు. మస్కట్‌లోని వాదీ కబీర్ నుంచి డీజిల్‌లో కలిపే మెరుపు రంగు సీసా నాతో తెప్పించాడు. యూవీ టార్చి వెలుగులో ఆ రంగు పసుపు పచ్చగా మెరుస్తుంది. ఆ గేర్ల గదికి గోడలైన పెర్కిన్స్ టైమింగ్ కేసు ముందు భాగంలో పంపు గేరు బోల్టులు అందడానికి చిన్న మూత ఉంటుంది. రంగు కలపకముందే ఆ మూత విప్పి, చీకటిలో టార్చి వేసి ఒకసారి చూశాడు. కొన్ని నూనెలకు వాటంతట అవే లేత మెరుపు ఉంటుంది. ఆ మెరుపు ఎలా ఉంటుందో ముందే తెలియకపోతే తర్వాత కనిపించినదాన్ని నమ్మలేం. పరిశోధకులు దీనికి పెద్ద పేరు పెడతారు. ఇతను మాత్రం "ముందుగాల ఉత్త చెయ్యి చూపెట్టాలె కదా సార్" అన్నాడు.

రంగు కలిపి గంటసేపు నడిపి, ఆపి, మూత విప్పాం. రాత్రి ఎనిమిది గంటలు, తోటంతా చీకటి, దూరంగా హైవే మీద లారీల చప్పుడు. టార్చి పడగానే గేరు మధ్య నుంచి కిందికి వేలెడు వెడల్పున పసుపు పచ్చని దారి వెలిగింది. చుట్టూ ఉన్న నూనె మసకగా, నీలంగా ఉంది. కుర్రాడు గట్టిగా కేక పెట్టాడు. పెద్దాయన కూడా వంగి చూసి, చేత్తో గడ్డం నిమురుకుంటూ నిలబడిపోయారు. మేస్త్రీ మాత్రం టార్చిని అక్కడే నిలిపి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అన్న మాట నేను మరిచిపోవడం కష్టం: "సీలు పాడైంది, సరే. ఎందుకు పాడైందో తెల్వకపోతే కొత్తది గూడ గట్లనే పోతది."

చాలామంది పని ఇక్కడితో ముగుస్తుంది. కొత్త సీలు వేస్తారు, డబ్బు తీసుకుంటారు, కొన్ని నెలలకు బండి మళ్లీ వస్తుంది. ఇతను రిటన్ పైపు దగ్గరికి వెళ్లాడు. పంపు లోపల నిండిన డీజిల్‌లో మిగులు వెనక్కి పోవడానికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. అది మూసుకుంటే పంపు గదిలో ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. ఆ బలహీనమైన చోటు సీలే. గొట్టం విప్పి నోటితో ఊదాడు. గాలి పోలేదు. వేలితో తడుముతూ పోతే, బ్రాకెట్ వెనక కంటికి ఆనని చోట రబ్బరు గొట్టం మెలితిరిగి నలిగి ఉంది. ఎప్పుడో మార్చినవాళ్లు కాస్త పొడుగ్గా కోసి, మిగిలిన పొడవును అక్కడ మడిచి ఇరికించారు. కొత్తలో నలగకపోయినా కాలం గడిచేకొద్దీ మూసుకుపోయింది.

దాన్ని కూడా పరీక్షించకుండా నమ్మలేదు. రిటన్ దారికి పారదర్శకమైన గొట్టం తగిలించి, చివర ఒక సీసాలో వదిలి ఇంజన్ నడిపాడు. డీజిల్ సీసాలోకి ధారాళంగా వచ్చింది. గేర్ల గదిని శుభ్రంగా తుడిచి గంట తర్వాత టార్చి వేస్తే, వేలెడు దారి దారప్పోగంత సన్నబడింది. పూర్తిగా ఆగలేదు. గొట్టం కారణం, సీలు ఫలితం. ఫలితం ముదిరి అది కూడా కారణంగా మారింది, రెండూ బాగుచేయాలి. తలుపు మీద సుద్దతో ఆ రెండు మాటలూ రాసి, వాటి చుట్టూ సున్నా చుట్టాడు.

పంపు విప్పడం గంటలో అయిపోయింది. అందులో సగం సేపు గుర్తులు చూసుకోవడానికే పట్టింది. పంపు అంచు మీదా టైమింగ్ కేసు మీదా కంపెనీ గీసిన సన్నని గీతలు ఎదురెదురుగా ఉండాలి. అవి తప్పితే డీజిల్ పడే వేళ తప్పుతుంది. తుడిచి, గీతలు కనిపించేలా తెల్లరంగు పూసి, ఫోటో తీసి, ఆ తర్వాతే పానా వేశాడు. గేరు టైమింగ్ కేసులోనే ఉండిపోయింది, పంపు వెనక్కి జారి చేతిలోకి వచ్చింది. అక్కడ ఆగాడు. పంపును తానే విప్పొచ్చుగదా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. మైక్రాన్లలో బిగించిన రోటరును ఇసుక ఎగిరే తోటలో తెరవకూడదన్నాడు. టెస్టు బెంచి ఉన్న పంపు రూముకు గుడ్డలో చుట్టి పంపించాడు. తన చేతి పని ఎక్కడిదాకా అన్నది తెలియడం కూడా పనితనమే. కొత్త సీళ్లు వేశాక పంపును డీజిల్‌లో ముంచి లోపలికి తక్కువ ఒత్తిడిలో గాలి పెట్టి, సీలు దగ్గర ఒక్క బుడగ కూడా రావడం లేదని చూశాకే వెనక్కి తీసుకున్నారు.

బిగించేముందు ఇంజన్ ఎంత దెబ్బతిన్నదో చూడాలి. దింపిన నూనెలో అయస్కాంతం తిప్పి, తెల్లగుడ్డ మీద వడకట్టాడు. పాత ఫిల్టరును కోసి, లోపలి కాగితం మడతలు ఎండలో పరిచి, ఒక్కో మడతనూ వేలితో తడిమాడు. బేరింగ్ షెల్లు అరుగుతుంటే అక్కడ మెరిసే రజను దొరుకుతుంది. దొరకలేదు. పలచని నూనెతో నడిచినా సమయానికి చూసుకున్నారు కనుక బతికింది. చౌక నూనెతో ఒకసారి కొద్దిసేపు నడిపి దింపి, ఆ తర్వాత అసలు నూనె, కొత్త ఫిల్టరు వేశాడు. దింపిన నూనెనంతా డ్రమ్ములో పట్టి మూత బిగించాడు. బాతినాలో బావుల నీళ్లు ఇప్పటికే సముద్రపు ఉప్పుతో బాధపడుతున్నాయి. ఆ నేల మీద చుక్క కూడా పోయనని కుర్రాడి చేత మాట తీసుకున్నాడు.

ఈ రోజుల్లో నూనె నమూనాను ప్రయోగశాలకు పంపితే చిక్కదనం కొలుస్తారు, ఎన్ని డిగ్రీల దగ్గర ఆవిరి అంటుకుంటుందో చూస్తారు. మంచి నూనెకు అది రెండు వందల డిగ్రీలు దాటాలి. డీజిల్ కలిస్తే చాలా ముందే మండుతుంది. కొత్త ట్రాక్టర్లలో ఈ జబ్బు వేరే దారిలో కూడా వస్తోంది. పొగ గొట్టంలోని వడపోతను వేడిచేసి శుభ్రం చేయడానికి కొన్ని ఇంజన్లు పని ముగిసిన సిలిండర్‌లోకి కాస్త డీజిల్ చిమ్ముతాయి. అందులో కొంత గోడలు పట్టుకుని నూనెలోకి దిగుతుంది. దారులు మారాయి. విచారించే పద్ధతి మారలేదు. ఆగినప్పుడా, నడిచినప్పుడా? ఒక్కదాన్నే మార్చి చూశామా? చూసినదాన్ని రెండోసారి చూశామా? ఈ ప్రశ్నలకు ఏ కంప్యూటరైనా జవాబు చెప్పొచ్చు. వాటిని ఈ వరసలో అడగాలని తెలిసినవాడు మాత్రం పక్కన ఉండాలి.

మన ఊళ్లలో పానా పట్టినవాడిని చేతిపనివాడనే అంటాం. రెండు వారాలు చూశాక ఆ మాట సగమే నిజమనిపించింది. ఇతని పనిలో చేయి కదిలిన సమయం చాలా తక్కువ. ఎక్కువ భాగం ఏది విప్పకూడదో తేల్చుకోవడంలో గడిచింది. అవసరం లేకుండా ఒక్క సామాను కూడా కొనిపించలేదు. పెద్దాయనకు మొదటి రోజే మూడు దారులనూ నేల మీద పుల్లతో గీసి చూపించాడు, ఒక్కోటి కొట్టేసినప్పుడు పిలిచి ఎందుకో చెప్పాడు. పరాయి దేశంలో, సగం అరబ్బీ సగం సైగలతో, ఆ వృద్ధుడి నమ్మకం సంపాదించుకున్నది ఆ తలుపు మీది సుద్దగీతలే.

నెలన్నర తర్వాత మళ్లీ వెళ్లాను. ట్రాక్టరు సున్నం గుర్తుల మీదే నిలబడి ఉంది. తెల్లవారుతోంది, ఖర్జూర మట్టల మధ్య నుంచి సముద్రపు గాలి వస్తోంది. రాయచోటి కుర్రాడు ఎవరూ చెప్పకుండానే గేజి తీసి, తుడిచి, మళ్లీ ముంచి, వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. చుక్కను వేళ్ల మధ్య తీసుకుని మెల్లగా సాగదీశాడు. సన్నని తీగ కాస్త దూరం వచ్చి తెగింది. గాటు దగ్గర మళ్లీ కళ్లు చిట్లించి చూసి, "అన్నా, ఎంటికంత తగ్గిందన్నా" అన్నాడు దిగులుగా.

మేస్త్రీ నా ముఖం చూసి నవ్వాడు. "తగ్గనీ తమ్మీ. ముసలిది మళ్ల నూనె తాగుతాంది" అన్నాడు.